నోఆక్ శాతం చూసి ఇంజన్ ఆయిల్ కొనొచ్చా?

ప్రశ్న: నా కారుది 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, డైరెక్ట్ ఇంజెక్షన్. సైలెన్సర్ లైనులో పార్టికులేట్ ఫిల్టర్ కూడా ఉంది. మాన్యువల్లో 5డబ్ల్యూ-30 గ్రేడు, ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) పెట్టిన సీ3 ప్రమాణం ఉన్న ఆయిల్ వాడమని రాశారు. పోయిన సర్వీసు తర్వాత 5,000 కిలోమీటర్లు తిరిగేసరికి అర లీటరు ఆయిల్ తగ్గింది. ఇంజన్‌లో పట్టేది నాలుగున్నర లీటర్లు, అంటే 11 శాతం పోయినట్టు. వాడిన ఆయిల్ డేటా షీటు తీసి చూస్తే నోఆక్ వొలటిలిటీ (వేడికి ఆవిరయ్యే గుణం) 11.2 శాతం అని ఉంది. లెక్క అచ్చంగా సరిపోయింది! అందుకే ఈసారి 9.1 శాతం ఉన్న గ్రూప్-3 సింథటిక్ కొందామనుకుంటున్నాను. ఇంకో కంపెనీ డబ్బా మీద పీఏఓతో చేసిన అసలైన సింథటిక్ అని ఉంది, ధర చాలా ఎక్కువ, నోఆక్ అంకె మాత్రం ఎక్కడా ఇవ్వలేదు. మా బావేమో ఇవన్నీ ఎందుకు, 5డబ్ల్యూ-40 పోయించు, చిక్కగా ఉంటుంది, తాగడం ఆగిపోతుంది అంటున్నాడు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో వాల్వుల మీద మసి పేరుకుంటుందని చదివి ఇంకా టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: 9.1 శాతం ఆయిల్ మీద సీ3 అని, దాంతోపాటు కింద చెప్పబోయే ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ అని స్పష్టంగా ఉంటే అదే కొనండి. కానీ దాన్ని పోయించాక డిప్‌స్టిక్ మీద మట్టం దిగడం ఆగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మీ 11 శాతం, డేటా షీటులోని 11.2 శాతం కలవడం కాకతాళీయం. ఆ రెండూ వేరువేరు సంగతుల్ని కొలుస్తున్నాయి.

నోఆక్ పరీక్ష 1930లలో జర్మనీలో పుట్టింది, కనిపెట్టినాయన పేరే దానికి స్థిరపడింది. చేసే పద్ధతి సులువే. 65 గ్రాముల ఆయిల్‌ను చిన్న లోహపు గిన్నెలో పోసి, 250 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర సరిగ్గా గంటసేపు ఉంచుతారు. పైనుంచి సన్నగా గాలి లాగుతూ ఉంటారు కాబట్టి లేచిన ఆవిరి లేచినట్టే పోతుంది. గంటయ్యాక మళ్లీ తూకం వేస్తారు. తగ్గిన బరువు నూటికి ఎంతో అదే నోఆక్ శాతం. మీ పాత ఆయిల్ అయితే 65 గ్రాములకు ఏడు గ్రాముల పైచిలుకు పోయిందన్నమాట.

మీ ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఆయిల్ మామూలుగా తిరిగేటప్పుడు 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. ఎండలో ఘాట్ రోడ్డు ఎక్కిస్తే ఇంకాస్త పెరగొచ్చు. 250 దరిదాపులకు వెళ్లేది పిస్టన్ పై రింగు దగ్గర, సిలిండర్ గోడ మీద అంటుకున్న పలచని పొరలో, టర్బో బేరింగు దగ్గర. అక్కడ ఉండే ఆయిల్ ఏ క్షణానికైనా చాలా కొంచెమే, అదీ నిలవదు, కొత్తది వచ్చి పాతది కిందికి జారుతుంది. అంటే పరీక్షలో మొత్తం ఆయిల్ ఒకే వేడిలో గంటసేపు ఉంటే, ఇంజన్‌లో కొద్ది కొద్దిగా వంతులవారీగా వేడెక్కి చల్లారుతుంది. ఒకటి గంట లెక్క, ఇంకొకటి వేల కిలోమీటర్ల లెక్క. నోఆక్ ఎక్కువున్న ఆయిల్ అదే ఇంజన్‌లో ఎక్కువ పోయే అవకాశం ఉందన్నంతవరకే నమ్మాలి. ఇంజన్‌లో ఎంత పోతుందో ఆ అంకె చెప్పదు.

పోనీ, మీ లెక్కనే ఒప్పుకుందాం. నాలుగున్నర లీటర్లలో 11.2 శాతం అంటే 504 మిల్లీలీటర్లు. 9.1 శాతం అయితే 410. తేడా 95 మిల్లీలీటర్ల లోపే. చాలా కార్ల డిప్‌స్టిక్ మీద కింది గీతకూ పై గీతకూ మధ్య సుమారు లీటరు ఉంటుంది. 95 మిల్లీలీటర్లంటే అందులో పదో వంతు. కారు కాస్త ఏటవాలుగా నిలబడితేనే అంత తేడా కనబడుతుంది. అంటే మీ లెక్క ప్రకారమే చూసినా, ఆయిల్ మార్చినందువల్ల వచ్చిన లాభాన్ని మీరు కంటితో పట్టుకోలేరు.

ఇంకో మాట. 5,000 కిలోమీటర్లకు అర లీటరంటే 1,000 కిలోమీటర్లకు 100 మిల్లీలీటర్లు. చాలా కంపెనీల మాన్యువళ్లు 1,000 కిలోమీటర్లకు అర లీటరు దాకా, కొన్నయితే లీటరు దాకా పోయినా మామూలే అంటాయి. ఆ హద్దులు మరీ ఉదారంగా ఉన్నాయని నా అభిప్రాయం, వారంటీ కింద ఇంజన్ విప్పాల్సిన పని తప్పించుకోడానికి రాసుకున్నట్టుంటాయి. అయినా మీ 100 మిల్లీలీటర్లు ఏ లెక్కన చూసినా భయపడాల్సినంత కాదు. మైలేజీ కోసం ఈ కాలపు ఇంజన్లలో రింగుల బిగుతు తగ్గించారు, పైన టర్బో. ఈ మాత్రం తాగడం వింతేమీ కాదు.

ఇక గ్రూప్-3, పీఏఓ గొడవ. డబ్బాలో ఉన్నదాంట్లో ఇంచుమించు నూటికి 75 నుంచి 90 పాళ్లు బేస్ ఆయిల్, అంటే అసలు నూనె, మిగతాది పనితీరు కోసం కలిపే ఎడిటివ్‌లు. ఆ బేస్ ఆయిళ్లను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఐదు గ్రూపులు చేసింది. గ్రూప్-1 ద్రావకాలతో శుద్ధి చేసిన పాతకాలపు మినరల్ ఆయిల్. గ్రూప్-2ను హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తారు. గ్రూప్-3 అదే దారిలో ఇంకా ముందుకు వెళ్లి, హైడ్రోజన్‌తో అణువుల నిర్మాణాన్నే మార్చేసింది, దాని విస్కాసిటీ ఇండెక్స్ (వేడిలో చిక్కదనం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే అంకె) 120 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. గ్రూప్-4 పీఏఓ, అంటే పాలీ ఆల్ఫా ఓలెఫిన్. డెసీన్ లాంటి చిన్న అణువుల్ని మూడేసి, నాలుగేసి కలిపి ఫ్యాక్టరీలో కట్టిన ఆయిల్ ఇది. ఈ నాలుగింట్లో పడనివన్నీ, ఎస్టర్లతో సహా, గ్రూప్-5. సహజవాయువు నుంచి తీసే జీటీఎల్ బేస్ ఆయిల్ కూడా ఉంది, ఖతార్‌లోని పెర్ల్ ప్లాంటులో పెద్ద ఎత్తున తయారవుతుంది. లెక్కకు గ్రూప్-3లోనే పడుతుంది గానీ ఆవిరి విషయంలో పీఏఓకు దీటుగా నిలబడుతుంది.

ఆవిరి తేడా ఎక్కడ వస్తుందంటే, ముడిచమురు నుంచి తీసిన పాత బేస్ ఆయిల్ రకరకాల సైజుల కంకర కలిపి పోసిన కుప్పలాంటిది. సగటు చూస్తే బాగానే ఉంటుంది, కానీ అందులో సన్నవి బోలెడు. వేడి తగలగానే ముందు లేచిపోయేవి ఆ తేలిక అణువులే. పీఏఓలో అన్నీ దాదాపు ఒకే బరువు. గ్రూప్-3లో కూడా శుద్ధి చేసేవాళ్లు తేలికవాటిని జాగ్రత్తగా తీసేస్తే ఆవిరి చాలా తగ్గుతుంది. అందుకే పలచని గ్రూప్-1 బేస్ ఆయిల్ నోఆక్ 25 శాతం దాటి పోతుంటే, 100 డిగ్రీల దగ్గర 4 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉండే పీఏఓ 13 శాతం దగ్గర ఆగుతుంది. ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. అంతే పలుచగా ఉండే మంచి గ్రూప్-3 కూడా 13, 15 శాతం మధ్యలోనే ఉంటుంది! 6 సెంటీస్టోక్స్‌కు వెళితే రెండూ సుమారు 6, 8 మధ్యకు దిగుతాయి. అంటే బేస్ ఆయిల్ కులం కన్నా దాని చిక్కదనమే ఆవిరిని ఎక్కువగా శాసిస్తుంది. పీఏఓ అసలు బలం గడ్డకట్టే చలిలో తెలుస్తుంది. మైనస్ 35 డిగ్రీల దగ్గర కూడా స్టార్టర్ తిప్పగలిగేంత పలచగా ఉండమంటుంది 0డబ్ల్యూ గ్రేడు. 5డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 30 దగ్గర. మీ గ్రేడు 5డబ్ల్యూ కాబట్టి, కలిపేవాడు 6 సెంటీస్టోక్స్ గ్రూప్-3ని ధారాళంగా వాడుకోవచ్చు. 9.1 శాతం అలాగే వచ్చి ఉంటుంది. పీఏఓ డబ్బాకు పోసే అదనపు డబ్బుకు మీ గ్రేడులో తిరిగొచ్చేది తక్కువ.

పీఏఓ ఒక్కటే పోసి ఇంజన్ ఆయిల్ చేయరని కూడా తెలుసుకోండి. దానిలో ఎడిటివ్‌లు సరిగా కరగవు, పైగా రబ్బరు సీళ్లను కాస్త కుంచించుకుపోయేలా చేస్తుంది. అందుకని ఎస్టరో మరొకటో కలపక తప్పదు. కాబట్టి డబ్బా మీద పీఏఓ అని రాసినా లోపల ఎంత పాలు ఉందో కంపెనీకి తప్ప తెలియదు. 1999లో అమెరికాలో మొబిల్ కంపెనీ, క్యాస్ట్రాల్ తన గ్రూప్-3 ఆయిల్‌ను సింథటిక్ అని అమ్ముతోందని ఫిర్యాదు చేసింది. ప్రకటనల తగవులు తీర్చే అక్కడి సంస్థ క్యాస్ట్రాల్ పక్షానే తీర్పిచ్చింది. జర్మనీలో మాత్రం గ్రూప్-3 డబ్బా మీద పూర్తి సింథటిక్ అని రాయనివ్వరు. ఒకే ఆయిల్‌కు రెండు దేశాల్లో రెండు లేబుళ్లు. లేబుల్ మీది పెద్దక్షరాలను బట్టి ఆయిల్‌ను కొనకూడదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

చిక్కదనం, ఆవిరి ఎలా ముడిపడ్డాయో తెలిస్తే మీ బావగారి సలహా సంగతి కూడా తేలిపోతుంది. మల్టీగ్రేడ్ ఆయిల్ కలిపేవాళ్లు ముందు చలికి సరిపోయే పలచని బేస్ ఆయిల్ తీసుకుంటారు, ఆపైన వేడిలో పలచబడిపోకుండా పాలిమర్ కలుపుతారు. ముందు అంకెకూ వెనక అంకెకూ దూరం పెరిగిన కొద్దీ బేస్ ఆయిల్ పలచన కావాలి, పాలిమర్ ఎక్కువ పడాలి. 5డబ్ల్యూ-40 గ్రేడులో వెనక అంకె పెద్దది కాబట్టి ఆవిరి తక్కువగా ఉంటుందని బావగారు అనుకుంటున్నారు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పాలిమర్‌తో చిక్కబరిచిన 40 గ్రేడు, మంచి బేస్ ఆయిల్‌తో చేసిన 30 గ్రేడు కన్నా ఎక్కువ ఆవిరయ్యే సందర్భాలు ఉంటాయి. పైగా ఆ పాలిమర్ గేర్లు, చైను మధ్య నలిగి తెగుతుంది, కొన్నాళ్లకు 40 కాస్తా 30 వైపు జారుతుంది.

ఇంజన్‌కు నిజంగా రక్షణ ఇచ్చే చిక్కదనాన్ని వేరే పరీక్షలో కొలుస్తారు. 150 డిగ్రీల దగ్గర, బేరింగులో ఉన్నంత వేగంతో ఆయిల్‌ను కోసేస్తూ కొలిచే ఆ విలువ పేరు హెచ్‌టీహెచ్‌ఎస్. సీ3 ఆయిల్‌కు అది 3.5 లేదా అంతకు పైన ఉండి తీరాలి. 40 గ్రేడుకు అడిగేదీ 3.5 దగ్గరే. మామూలు 30 గ్రేడుకు 2.9 ఉంటే చాలంటుంది ఎస్‌ఏఈ ప్రమాణం. అంటే మీ సీ3 30 గ్రేడు ఇప్పటికే 40తో భుజం కలిపి నడుస్తోంది. మాన్యువల్లో 5డబ్ల్యూ-40 కూడా రాసి ఉండి, అది సీ3 అయితే పోయించండి, నష్టం లేదు. రాయకపోతే వద్దు. బావగారి మాట కాదన్నానని చెప్పకండి, సీ3 30 గ్రేడు హెచ్‌టీహెచ్‌ఎస్ ఎంతో చెప్పండి చాలు.

సీ3 అనే రెండక్షరాలను అంత పట్టుకు వేలాడటానికి కారణం ఉంది. మీ కారుకు పార్టికులేట్ ఫిల్టర్ ఉంది. ఆయిల్ కాలినప్పుడు అందులోని లోహపు ఎడిటివ్‌లు బూడిదవుతాయి. ఫిల్టర్‌లో పట్టిన మసి తర్వాత కాలిపోతుంది గానీ ఈ బూడిద కాలదు, అక్కడే ఉండిపోతుంది. సీ3లో సల్ఫేటెడ్ యాష్, అంటే ఆ బూడిద పాలు, 0.8 శాతం మించకూడదు. ఏ3/బీ4 అనే పాత రకంలో అది అంతకన్నా ఎక్కువ. ఫాస్ఫరస్ కూడా అంతే. అరుగుదలను ఆపే జెడ్‌డీడీపీ అనే ఎడిటివ్‌లో అదే ముఖ్యం, కానీ ఎగ్జాస్టులోని కెటలిస్ట్‌కు అదే విషం. ఇల్‌సాక్ (అమెరికా, జపాన్ కార్ల కంపెనీల కమిటీ) పెట్టిన జీఎఫ్-5 ప్రమాణం ఫాస్ఫరస్ ఎంత ఉండాలో చెప్పి ఊరుకోలేదు, వాడకంలో కనీసం 79 శాతం ఆయిల్‌లోనే మిగలాలని కూడా పెట్టింది. ఎందుకంటే ఎడిటివ్‌ల నుంచి కూడా ఆవిరి లేస్తుంది. నోఆక్ అంకె దాన్ని విడిగా చూపించదు. 9.1 ఉన్న ఆయిల్‌లో ఫాస్ఫరస్ ఎక్కువ ఎగిరిపోవచ్చు, 11.2 ఉన్నదాంట్లో తక్కువ పోవచ్చు.

హద్దుల విషయానికొస్తే, ఇల్‌సాక్ జీఎఫ్-2 కాలంలో 22 శాతం దాకా ఒప్పుకున్నారు. 2001లో జీఎఫ్-3తో 15 అయింది, జీఎఫ్-6లోనూ అదే. సీ3కి 13. మెర్సిడెస్ కంపెనీ ఆయిళ్లకు ఇచ్చే 229.5 లాంటి అనుమతులు 10 దాటనివ్వవు. నా మట్టుకు నేను మీలాంటి ఇంజన్‌కు 10 చుట్టుపక్కల ఉంటే చాలనుకుంటాను. 9.1కీ 8.6కీ మధ్య తేడా కోసం ఇంకో డబ్బా వెతకడం వృథా. డేటా షీటులో ఉండేది సాధారణంగా వచ్చే విలువ, మీ చేతిలో ఉన్న డబ్బాను పరీక్షించి వేసింది కాదు, ఒక ల్యాబుకూ ఇంకో ల్యాబుకూ కూడా కాస్త తేడా వస్తుంది. అన్నట్టు, ఫ్లాష్ పాయింట్ చూసి ఆవిరి తక్కువని తేల్చే అలవాటు చాలామందికి ఉంది. ఫ్లాష్ పాయింట్ అంటే మొదటి ఆవిరికి నిప్పు అంటుకునే వేడి. మొత్తం ఎంత పోతుందో దాంతో తెలియదు.

ఇప్పుడు వాల్వుల మసి. పాత ఇంజన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు వెనక పడేది కాబట్టి వాల్వును ఎప్పటికప్పుడు కడిగేది. మీ ఇంజన్‌లో నేరుగా సిలిండర్‌లోకే పోతుంది. వాల్వు వెనక భాగానికి తగిలేది గాలి, దానితోపాటు క్రాంక్‌కేస్ (క్రాంకు తిరిగే ఇంజన్ అడుగు భాగం) నుంచి, అక్కడి ఆవిరిని బయటికి తీసే పీసీవీ పైపు గుండా వచ్చే ఆయిల్ ఆవిరి. టర్బోకు వెళ్లే రబ్బరు పైపు క్లిప్పు వదులు చేసి లోపల వేలు పెట్టి చూడండి. సన్నగా, జిడ్డుగా, గోధుమ రంగులో ఒక పొర అంటుతుంది. చాలా టర్బో ఇంజన్లలో అది ఉంటుంది, కంగారు పడకండి. పైపు అడుగున ఆయిల్ చెంచాడు నిలిచి ఉంటే మాత్రం ఆ గాలి నుంచి ఆయిల్ చుక్కల్ని వేరుచేసే సెపరేటర్ చూడాల్సిందే.

ఆ పొరలో రెండు రకాలు కలిసి ఉంటాయి. ఒకటి అసలు ఆవిరి, తేలిక అణువులు లేచి పైపులో చల్లారి అంటుకున్నది. రెండోది తుంపర, క్రాంకు తిరిగేటప్పుడు చిలికిన ఆయిల్ చుక్కలు గాలితో కొట్టుకొచ్చినవి. సెపరేటర్ తుంపరను చాలావరకు పట్టి వెనక్కి పంపుతుంది, ఆవిరిని పట్టలేదు. నోఆక్ తక్కువున్న ఆయిల్ ఆవిరిని తగ్గిస్తుంది, తుంపరను తగ్గించలేదు. ఇక వాల్వు మీద మసి పేరుకోడానికి ఈ రెండే కాదు, వాల్వు గైడు సీల్ నుంచి జారే ఆయిల్, వెనక్కి తిప్పే ఎగ్జాస్ట్ వాయువు, వాల్వులు తెరుచుకునే వరస కూడా కారణాలే. అందుకే ఒకే ఆయిల్ పోసిన రెండు వేరు డిజైను ఇంజన్లలో ఒకదాని వాల్వులు శుభ్రంగా, ఇంకోదానివి గడ్డకట్టినట్టుగా ఉంటాయి. టయోటా డీ-4ఎస్ లాంటి ఇంజన్లలో రెండు చోట్లా ఇంజెక్టర్లు పెట్టారు, వాల్వు మీదా పెట్రోలు పడేలా. మీ ఇంజన్‌లో అది లేకపోతే, ట్యాంకులో పోసే క్లీనర్ మందులు వాల్వు వెనకకు చేరవు, డబ్బు దండగ. ఐడ్లింగులో వణుకు, చల్లని స్టార్టులో మిస్సింగ్ మొదలయ్యాక సన్న కెమెరా పెట్టి చూపించి, అవసరమైతే వాల్‌నట్ పెంకుల పొడితో బ్లాస్టింగ్ చేయిస్తే చాలు. అప్పటిదాకా దాని గురించి ఆలోచించకండి.

మీలాంటి ఇంజన్‌కు నోఆక్ కన్నా ముందు చూడాల్సినది ఇంకొకటి ఉంది, ఎల్‌ఎస్‌పీఐ (లో-స్పీడ్ ప్రీ-ఇగ్నిషన్). తక్కువ ఆర్‌పీఎమ్‌లో టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు, స్పార్కు పడకముందే మిశ్రమం అంటుకుని గట్టిగా కొట్టడం అది. ఒక్కోసారి పిస్టన్ రింగు అంచు విరిగేంత దెబ్బ. కాల్షియం డిటర్జెంట్ ఎక్కువున్న ఆయిల్ దాన్ని రెచ్చగొడుతుందని, మెగ్నీషియం అలా చేయదని తేలింది. అందుకే 2018లో ఏపీఐ తన పెట్రోల్ ఇంజన్ ఆయిల్ ప్రమాణాల్లో ఎస్‌ఎన్ ప్లస్ తెచ్చి ఈ పరీక్ష చేర్చింది. 2020 మేలో వచ్చిన ఎస్‌పీలో దాంతోపాటు టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా ఉంది. 2025 మార్చి 31 నుంచి ఎస్‌క్యూ అమల్లోకి వచ్చింది. మీరు కొనే డబ్బా మీద సీ3తోపాటు ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ కూడా ఉండాలి. 9.1 ఆయిల్‌కు అది లేకపోయి, 11.2 ఆయిల్‌కు ఉంటే నేను 11.2 వైపే మొగ్గుతాను. ఆయిల్‌తో పనిలేకుండా చేయగలిగింది కూడా ఉంది, పై గేరులో బండిని ఈడ్చుకుంటూ పోయేటప్పుడు యాక్సిలరేటర్ దిగదొక్కకండి, ఒక గేరు తగ్గించండి.

ఆయిల్ ఎందుకు తగ్గుతోందో నిజంగా తెలుసుకోవాలంటే ముందు కొలత సరిగ్గా ఉండాలి. కారు సమంగా ఉన్నచోట నిలపండి, ఇంజన్ వేడెక్కించి ఆపాక పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తుడిచి, పూర్తిగా దింపి, తీసి రెండు వైపులా చూడండి. రెండు వైపులా తేడాగా కనిపిస్తే తక్కువ చూపించే వైపే నమ్మండి. ప్రతిసారీ అదే చోట, అదే పద్ధతిలో, ఓడోమీటరు అంకెతో సహా రాసుకోండి. పోయిన సర్వీసులో నిజంగా పై గీత దాకా పోశారా లేదా అన్నది కూడా మీకు తెలియదు కదా. చాలా అర లీటర్ల లెక్క అక్కడే తేలిపోతుంది.

కొలత సరిగ్గా ఉండి, 1,000 కిలోమీటర్లకు 300, 400 మిల్లీలీటర్లు పోవడం మొదలైతే అప్పుడు వెతకాలి. ఎక్కువసేపు ఐడ్లింగులో నిలిపి కదిలించగానే, లేదా రాత్రంతా ఆపి స్టార్ట్ చేయగానే వెనక నీలం పొగ వస్తే వాల్వు సీళ్ల మీద అనుమానం. గట్టిగా లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తే రింగుల మీద. ఇంజన్ ఐడ్లింగులో ఉండగా ఆయిల్ పోసే మూత తీయబోతే లోపలికి బలంగా లాగుతూ ఈల వేసినట్టు శబ్దం వస్తే పీసీవీ డయాఫ్రం (పలచని రబ్బరు పొర) చిరిగి ఉండొచ్చు. ఆ ముక్క మార్చడం పెద్ద పని కాదు, కానీ అది చూడకుండానే రింగుల దాకా వెళ్లే మెకానిక్‌లు ఉన్నారు. ముందు దాన్నే చూడమని పట్టుబట్టండి.

మట్టం తగ్గకపోవడం కూడా ఎప్పుడూ శుభవార్త కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌ను రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పి ఆపేస్తుంటే, కాలని పెట్రోలు రింగుల పక్కగా ఆయిల్‌లోకి దిగుతుంది. అప్పుడు ఆయిల్ ఒకవైపు పోతూ, ఇంకోవైపు పెట్రోలుతో నిండుతూ డిప్‌స్టిక్ మీద కదలనట్టే కనిపిస్తుంది. ఒక్కోసారి మట్టం పెరుగుతుంది కూడా. డిప్‌స్టిక్ దగ్గర పెట్రోలు వాసన కొడితే అదే సంగతి. మీ ఇంట్లో ఎవరైనా మీ ఆయిలే వాడుతూ అసలు తగ్గడం లేదంటే, వాళ్ల వాడకం ఎలాంటిదో అడగండి. అలాంటి బండిని వారానికోసారైనా ఇంజన్ బాగా వేడెక్కేలా అరగంట, ముప్పావుగంట నడపాలి, ఆయిల్ కూడా త్వరగా మార్చాలి. 9.1 నోఆక్ అక్కడ ఏమీ చేయలేదు.

ఆవిరి వల్ల పోయేది తేలిక భాగమే కాబట్టి మిగిలిన ఆయిల్ కొంచెం చిక్కబడుతుంది. తొలి రెండు మూడు వేల కిలోమీటర్లలో ఎక్కువ పోయి, తర్వాత నెమ్మదించినట్టు అనిపిస్తే ఆ పోయినదాంట్లో ఆవిరి వాటా ఉందని అనుకోవచ్చు. ఎప్పుడూ ఒకే వేగంతో తగ్గుతుంటే రింగులో, సీళ్లో, కారడమో అయ్యుంటుంది. రాసుకున్న లెక్క అప్పుడు పనికొస్తుంది. కొత్త ఆయిల్ టాపప్ చేసిన ప్రతిసారీ తేలిక భాగం మళ్లీ కొత్తగా వచ్చి పడుతుందని గుర్తుంచుకుని చదవండి ఆ లెక్కను.

పీఏఓ డబ్బా కంపెనీకి ఒక మెయిల్ పెట్టి నోఆక్, హెచ్‌టీహెచ్‌ఎస్, సల్ఫేటెడ్ యాష్ అంకెలు అడగండి. ఇస్తే, సీ3, ఎస్‌పీ రెండూ ఉంటే, డబ్బు మీకు బరువు కాకపోతే కొనుక్కోండి, మంచి ఆయిలే అయ్యుంటుంది. ఇవ్వకపోతే వదిలేయండి. గుట్టుగా దాచుకోవాల్సిన అంకెలేం కావవి.

ఇంట్లో మిగిలిపోయిన పాత ఆయిల్ అర లీటరో ముప్పావు లీటరో ఉంటే పారేయకండి. అదే గ్రేడు, అదే సీ3 అయితే కొత్తదాంట్లో టాపప్‌కు వాడుకోవచ్చు. సింథటిక్ ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలవవు, గడ్డకడతాయి అనే మాట నిజం కాదు. డబ్బా మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట పెట్టండి.